ఐసు ఆఫీసు లాప్‌టాప్

ఫిషింగ్ హార్బర్‌లో, ఐసు ఆఫీసు బల్ల కింద
అట్టపెట్టెలో పడుకుని ఉంది
పదమూడేళ్ల లాప్‌టాప్.
"ఇది లెగుస్తాదా బాబూ?" అంది దానమ్మ
తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

కీల సందుల్లో ఉప్పు.
'ఎన్' నొక్కితే పడదు, గుద్దితే రెండు పడతాయి.
ఒక జీబీ మెమరీ.
పెద్ద సిస్టమ్ ఏదేసినా
సింహాచలం మెట్లెక్కే ముసలాయనలా
ప్రతి మెట్టు దగ్గరా కూలబడుతుంది.

అందుకే పెన్‌డ్రైవ్‌లో తేలికపాటి లైనక్స్ తెచ్చాను.
హంగుల్లేవు. నల్లటి తెర, అడుగున సన్నటి పట్టీ.
నలభై సెకన్లలో లేచి కూచుంది.
"ఓలమ్మో" అంది దానమ్మ.

లేచింది గానీ దానికి లోకం తెలీదు.
వైఫై చిప్పుంది, చిప్పుతో మాట్లాడే ముక్క లేదు.
ఆ ముక్క నెట్‌లో ఉంది.
నెట్‌లోకి వెళ్లాలంటే ఆ ముక్క కావాలి.
తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు.
నా ఫోనుకి తీగ కట్టి,
ఇంజన్ చెడిన బోటుని ఇంకో బోటు లాక్కొచ్చినట్టు
లాక్కొచ్చాను.

అప్పుడు తేలాయి చుట్టుపక్కల పేర్లు:
నూకాలమ్మ బోట్స్, డీజిల్ బంక్,
ఎవరిదో 'అడక్కండి'.
మన పాస్‌వర్డ్ క్యాలెండర్ వెనక గోడ మీద,
ఐసు దిమ్మల లెక్కల మధ్య.

కలిసింది. మూడు నిముషాలు. పోయింది.
కలిసింది. పోయింది.
రౌటరు రెండు గజాల్లో ఉంది, సిగ్నలు నిండుగా ఉంది.
బయట కానాగంతల వేలం మొదలైంది.
లోపల నేను
లాగ్ ఫైలు వరస వరసా చదువుతున్నాను:

ఒకడు అడ్రసు తీసుకున్నాడు.
ఇంకొకడొచ్చి అది చెరిపాడు.
మొదటివాడు మళ్లీ తీసుకున్నాడు.

సిస్టమ్‌తో పుట్టిన పాతవాడొకడు,
పట్టీ మీద బొమ్మ కోసం నేనెక్కించిన కొత్తవాడొకడు,
ఇద్దరూ ఒకే కార్డు మీద.

దానమ్మకి ఎలా చెప్పాలా అనుకుంటూ సగం చెప్పాను.
"ఒక బోటుకి ఇద్దరు సరంగులేటి?" అంది.
"మా మావ బోటు అలాగే పోయింది.
ఒకడు దక్షిణం అంటే
ఇంకొకడు డాల్ఫిన్ కొండేపు తిప్పీవోడు.
డీజిలైపోయింది. చేపా లేదు.
ఒకడ్ని దించీ."

ఎవర్ని?
పాతవాడికి తిండి తక్కువ, మాటా తక్కువ,
ఫైల్లో రాసింది చేస్తాడంతే.
నా మనసు వాడి మీదే.
కానీ రేపు నేనుండను.
బొమ్మ మీద వేలు పెట్టాల్సింది దానమ్మ.

పాతవాడికి రెండు మాటలు చెప్పాను.
మొదటిది: ఆగు.
రెండోది: రేపు కూడా లేవకు.
రెండోది కొట్టేటప్పుడు 'ఎన్' లేకపోయినా
వేలు ఎందుకో ఆగింది.

లైను నిలబడింది. పేజీ మాత్రం తెరుచుకోలేదు.
అంకె కొడితే జవాబొస్తోంది, పేరు కొడితే ఉలుకూ పలుకూ లేదు.
పెదజాలరిపేటలో డోర్ నంబరడిగితే ఎవరూ చెప్పరు,
మెల్లకన్ను రాజు ఇల్లంటే నలుగురు చెయ్యి చూపిస్తారు.
ఇక్కడ తిరగబడింది.
నంబర్లున్నాయి, పేర్లు తెలిసిన మనిషి లేడు.
దిగిపోయిన సరంగు
పోతూ పోతూ ఆ చీటీ జేబులో పెట్టుకుపోయాడు.

ఒక్క లైను రాశాను.
తెర మీద రేపటి గాలి, అల ఎత్తు.
దానమ్మ వేలు పెట్టి చూసింది.
తెరకి ఒక పొలుసు అంటుకుంది.

ఆపి, మళ్లీ లేపాను.
ఎవరూ ఏమీ చెప్పకుండానే
రౌటర్ని గుర్తుపట్టింది.

డబ్బులొద్దంటే సంచిలో కానాగంతలు పోసింది.
గేటు దాటకముందే ఫోను:
"బాబూ, పోయింది."

పరిగెత్తాను.
రౌటరు ప్లగ్గు పీకి
ఎల్లాజీ తన ఫోను చార్జింగు పెట్టుకున్నాడు.

దానమ్మ అతన్నేమీ అనలేదు.
లెక్కల పెన్సిల్ నా చేతికిచ్చి
ప్లగ్గు మీద ఏదైనా రాయమంది.
చోటు చాలా తక్కువ.
'సరంగు' అని రాశాను.